అచ్చు కొనుక్కున్న అత్తమ్మ

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

విమానాశ్రయంలో ఎదురుచూడటం కూడా ఒక పనేనని శంషాబాదులో కాపురమున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు మా ఊరంటే బెంగుళూరు రోడ్డు మీద బస్సు కాసేపు ఆగే చోటు. దగ్గరలో అమ్మపల్లి రాములవారి గుడి ఉందని తెలిసినవాళ్లు దిగేవారు. 2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఇక్కడికి మారాయి. అప్పటినుంచీ మా బంధువుల్లో ఎవరు అమెరికా వెళ్లినా, ఎవరు తిరిగొచ్చినా ముందురోజు రాత్రి పక్కలు మా ఇంట్లోనే. సాగనంపేదీ మేమే, ఎదురెళ్లేదీ మేమే.

2024 జూలైలో ఒక తెల్లవారుజామున మా అత్తమ్మ కోసం అలాగే వెళ్లి నిలబడ్డాను. ఆమె ఆరు నెలలు డల్లాసులో కూతురి దగ్గర ఉండి, దోహా మీదుగా తిరిగి వస్తున్నారు. విమానం ఆలస్యం. నా పక్కన మరో ముగ్గురు ఆడవాళ్లు ఎవరి మనుషుల కోసం వాళ్లు నిలబడి ఉన్నారు. నేను తీసుకెళ్లిన ఫ్లాస్కులోని టీ పంచుకున్నాక మాటలు కలిశాయి. "మా అత్తమ్మకు అక్కడ టీవీలో చక్రం ఆట బాగా అలవాటయిందండీ. ఇక్కడ సాయంత్రాలు ఎలా గడుపుతారో ఏమో" అన్నాను.

అంతే! ముగ్గురూ ఒక్కసారి నావైపు తిరిగారు. "వీల్ ఆఫ్ ఫార్చ్యూనా?" అన్నారు. ఏదో దూరపు చుట్టం పేరు విన్నట్టు వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి.

ఆ ఆట చూడని సోదరీమణుల కోసం రెండు మాటలు చెబుతాను. గోడంత పలక మీద ఒక మాటో, సామెతో, పేరో ఖాళీ గళ్లుగా ఉంటుంది. ఆడేవాళ్లు ముగ్గురు. ఎదురుగా డబ్బు అంకెలు వేసిన పెద్ద చక్రం. దాన్ని తిప్పి ఒక హల్లు చెప్పాలి. ఆ హల్లు పలకమీద ఎన్నిసార్లు ఉంటే, చక్రం చూపిన సొమ్ము అన్ని రెట్లు వస్తుంది. దివాలా గడి మీద చక్రం ఆగిందా, ఆ విడతలో గడించిందంతా గోవిందా! ఇంగ్లీషు అచ్చులు అయిదింటిలో ఏది కావాలన్నా మాత్రం ఊరికే ఇవ్వరు. 250 డాలర్లు పెట్టి కొనుక్కోవాలి. మాట మొత్తం ముందుగా ఎవరు చెబితే గెలుపు వారిది.

దీన్ని మెర్వ్ గ్రిఫిన్ అనే ఆయన తయారుచేశారు. 1975 జనవరిలో అమెరికా టీవీలో మొదలైంది. చిన్నప్పుడు కారులో దూరప్రయాణాలు చేసేటప్పుడు ఆయనా, ఆయన అక్కచెల్లెలూ కాగితం మీద ఆడుకున్న ఆటే దీనికి మూలమట. మన పిల్లలూ నోటుపుస్తకం చివరి పేజీలో ఆడతారు చూడండి, తప్పు చెప్పినప్పుడల్లా ఒక గీత గీసి బొమ్మను ఉరికొయ్యకు వేలాడదీసే ఆట, అదే! అక్కడ ఉరికొయ్య తీసేసి చక్రం పెట్టారు. 1981 చివర నుంచి పాట్ సేజాక్ ఆట నడిపించారు. మరుసటేడు డిసెంబరులో వన్నా వైట్ అనే ఆమె అక్షరాలు చూపించడానికి వచ్చారు.

ఇక మా నలుగురి ముచ్చట్లు వినండి. అందరిలోకీ పెద్దావిడ 1986లో న్యూజెర్సీలో తమ్ముడి ఇంట్లో ఈ ఆట చూశారట. "అప్పుడు ఆ అమ్మాయి అక్షరాల పలకల్ని చేత్తో తిప్పేదమ్మా. ఇప్పుడు వేలితో తాకితే చాలు, వెలుగుతున్నాయి" అన్నారు. నిజమే, 1997లో ఆ పద్ధతి మారింది. "గెలిచినవాళ్లకు చేతికి డబ్బిచ్చేవాళ్లు కూడా కాదు. సామాన్లు పేర్చి ఉంచి, నీ సొమ్ముకు సరిపడా కొనుక్కోమనేవాళ్లు. ఎప్పుడూ ఒక మచ్చల పింగాణి కుక్క ఉండేది. ఆ కుక్కను ఎవరు కొంటారా అని మేము పందేలు కట్టుకునేవాళ్లం" అని పకపకా నవ్వారు. ఆ సామాన్ల పద్ధతి రాత్రి ప్రసారాల్లో 1987లో పోయింది. కానీ ఆ మచ్చల కుక్క ఆమె జ్ఞాపకంలో అలాగే కూర్చుని ఉంది.

రెండో ఆమె ఆట కంటే వన్నా వైట్ కట్టే బట్టలు ఎక్కువ చూశారట. రోజుకో కొత్త గౌను, కట్టింది మళ్లీ కట్టరు. "మనం పెళ్లికి కట్టిన చీర ఇంకో పెళ్లికి కడితేనే గుర్తుపడతారు, పాపం ఆమె పాట్లు ఎలాంటివో" అన్నారు.

మూడో ఆమె చెప్పింది నాకు మనసులో నిలిచిపోయింది. కూతురి పురుడుకని వెళ్లారు. పసిపిల్లను భుజాన వేసుకుని, లేస్తుందేమోనని టీవీ శబ్దం తీసేసి చూసేవారట. "మిగతావన్నీ మాటలు వినబడితేనే గానీ అర్థం కావు. ఆ ఒక్కటి మాత్రం నోరు మూసినా చదువుకోవచ్చు. నాకు ఇంగ్లీషు వింటే తెలీదు గానీ, అక్షరాలు కూడబలుక్కుంటే తెలుస్తుంది" అన్నారామె.

ఆ మాట వినగానే మా అత్తమ్మే గుర్తొచ్చారు. ఆమె సంగతి ఇప్పుడు చెబుతాను.

మా అత్తమ్మ అయిదో తరగతి దాకా చదివారు. తెలుగు మాత్రం దిట్టంగా వచ్చు. వారపత్రిక వచ్చిందంటే ముందు గళ్ల నుడికట్టు పూర్తిచేసి గానీ మాకు ఇవ్వరు. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు బస్సుల మీదా, డబ్బాల మీదా చూసి పోల్చుకుంటారు, అంతే. డల్లాసు వెళ్లిన నెలకు ఒకరోజు ఫోను చేశారు. గొంతు బాగా లేదు.

"బిడ్డా, నాకిక్కడ నోరు లేదు. అల్లుడు బంగారమసుంటోడు, బిడ్డ మంచిగనే చూస్తది. కాని పొద్దుగాల అందరు ఎల్లిపోతే గోడలు చూసుకుంట కూసుండుడే. మావోనికి చెప్పి టికెట్ ముందుకు జరుపుమను" అన్నారు.

ఏమయిందని గుచ్చిగుచ్చి అడిగితే చెప్పారు. తొమ్మిదేళ్ల మనవరాలి స్నేహితులు ఇంటికి వచ్చారట. వాళ్లు ఏది అడిగినా అత్తమ్మ "ఎస్, ఎస్" అన్నారు. పిల్లలు అది కనిపెట్టి, నవ్వు కోసమే మళ్లీ మళ్లీ ఏవో అడిగారు. చివరికి మనవరాలు సిగ్గుపడిపోయి, "మా అమ్మమ్మకు ఇంగ్లీష్ రాదు" అని చెప్పి వాళ్లను వేరే గదిలోకి తీసుకుపోయింది. పిల్ల అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అందుకే అంతగా తగిలింది.

నేనేమన్నానో తెలుసా? "ఆరు నెలలే గదా అత్తమ్మా, సర్దుకోండి" అన్నాను. ఫోను పెట్టేశాక నాకే తల కొట్టేసినట్టయింది. మెట్రిక్ చదివిన నేనే ఎక్కడైనా కౌంటరు దగ్గర ఇంగ్లీషులో గబగబా మాట్లాడితే అర్థమైనట్టు తలూపి వచ్చేస్తాను. నాకు రోజుకు అయిదు నిమిషాలు ఉండే ఆ ఇబ్బందిని, ఆమెను ఆరు నెలలు భరించమన్నాను.

ఆ తరువాత వారం రోజులకు జరిగింది అసలు కథ. సాయంత్రం మా ఆడపడుచు వంటింట్లో ఉంది. పిల్ల హోంవర్కు చేసుకుంటోంది. టీవీలో చక్రం తిరుగుతోంది. ఇంటి సామానుకు సంబంధించిన మాట అని చెప్పారట. పలకమీద రెండు మాటలు, సగం గళ్లు ఖాళీ. రెండో మాట నడుమ గుండ్రంగా పక్కపక్కన రెండు 'ఓ'లు. ఆడేవాళ్లు ఆలోచిస్తున్నారు. సోఫాలో మూలగా కూర్చున్న అత్తమ్మ ఉన్నట్టుండి "కుక్కర్! ప్రెషర్ కుక్కర్!" అని అరిచారు.

పిల్ల పుస్తకం మూసేసింది. పలక నిండింది. అదే మాట!

"అమ్మమ్మా, నీకెట్లా తెలిసింది?" అని అడిగిందట.

"ముప్పై ఏండ్లసంది మూత మీద గదే రాసుంటది. కడిగెటోళ్లకు తెల్వదా?" అన్నారు అత్తమ్మ.

సోదరీమణులారా, ఆ రోజునుంచి టికెట్ మాట మళ్లీ ఎత్తలేదు ఆమె. మర్నాటినుంచి ఆ వేళకు అమ్మమ్మా, మనవరాలూ సోఫాలో పక్కపక్కనే. ఇంగ్లీషు రాకపోవడమూ, బుర్ర లేకపోవడమూ ఒకటి కాదని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. నుడికట్టు చేసి చేసి అత్తమ్మకు గళ్లను చదివే కన్ను ఉంది. మూడు గళ్ల మాట వాక్యంలో ఎక్కడ వస్తే ఏమై ఉంటుందో, మాట చివర ఏ అక్షరాలు జంటగా వస్తాయో పట్టేశారు. పిల్లకు మాటలు తెలుసు, అత్తమ్మకు కిటుకు తెలుసు. ఇద్దరూ కలిస్తే టీవీలోవాళ్ల కంటే ముందు చెప్పేవాళ్లట.

తరువాత పిల్లే అడిగింది, "ఇది తెలుగులో ఆడదామా అమ్మమ్మా?" అని. అక్కడే చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో హల్లు వేరే గడి, అచ్చు వేరే గడి. మనకో? 'గె' అంటే గకారమూ, దాని నెత్తిన ఎత్వమూ ఒకే గడిలో ఉంటాయి. మన పెద్దలు అచ్చులకు ప్రాణములనీ, హల్లులకు ప్రాణులనీ పేరు పెట్టారు. ప్రాణం లేనిదే ప్రాణి పలకదు. "తెల్లోళ్లు ప్రాణాన్ని అమ్ముతుండ్రు బిడ్డా, అదీ రెండు వందల యాభై డాలర్లకు" అని అత్తమ్మ నవ్వేవారు.

చివరికి ఆమే దారి కనిపెట్టారు. ఈ పద్ధతి ఇంట్లో మీరూ ఆడుకోవచ్చు గనుక వివరంగా చెబుతాను. మాటకు ఎన్ని అక్షరాలో అన్ని గళ్లు గీయాలి. ఒత్తులూ, గుణింతాలూ అన్నీ ఆ గడిలోనే. ఒకరు హల్లు అడగాలి. ఆ హల్లు ఏ గుణింతంలో ఉన్నా సరే, తలకట్టుతో మామూలుగా ఆ గళ్లలో వేసి, గడికి అయిదు శనగగింజల చొప్పున ఇవ్వాలి. గుణింతం, సున్న, ఒత్తు, విడిగా వచ్చే అచ్చు, వీటిలో ఏది కావాలన్నా మూడు గింజలిచ్చి కొనుక్కోవాలి. చక్రం అక్కర్లేదు.

అత్తమ్మ ఇచ్చిన మొదటి మాటకు నాలుగు గళ్లు. పిల్ల ముందు 'స' అడిగింది, లేదన్నారు. 'ష' అడిగితే రెండో గడిలో పడింది. 'బ' మూడో గడిలో, 'ద' నాలుగో గడిలో పడ్డాయి. మూడు గింజలిచ్చి దీర్ఘం కొంటే ఒకేసారి రెండు గళ్లకు వచ్చింది, షా, బా. కొమ్ము కొంటే చివరిది 'దు' అయింది. అప్పుడు కేకవేసింది, "శంషాబాదు! నానమ్మ వాళ్ల ఊరు కాదు, మన అమ్మమ్మ వాళ్ల ఊరు!" అని. శ, ష, స మూడూ వేరని ఆ పిల్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. శనగగింజలు పోతుంటే తనే నేర్చుకుంది.

మాటలతో ఇలా ఆడుకోవడం మనకు కొత్తేమీ కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. అవధాని పద్యం చెబుతూ ఉంటే, పక్కన కూర్చున్న పృచ్ఛకుడు తరువాత రాబోయే అక్షరాన్ని పసిగట్టి "అది వాడకూడదు" అని అడ్డుపడతాడు. అవధాని మరో అక్షరంతో మరో మాట పట్టుకుని ముందుకు పోతాడు. చక్రం ఆటలో అక్షరం చూపించి మాట అడుగుతారు, ఇక్కడ అక్షరం లాగేసుకుని మాట అడుగుతారు. అది పండితుల విద్య. మనకు అంత్యాక్షరి ఉంది, పొడుపుకథలున్నాయి, పత్రికలో నుడికట్టు ఉంది. ఇవన్నీ పొద్దుపోని కాలక్షేపాలనుకున్నాను ఇన్నాళ్లూ.

2024 జూన్ 7న పాట్ సేజాక్ చివరి ఆట ప్రసారమైంది. వరుసగా నలభై ఏళ్లకు పైగా నడిపించిన మనిషి సెలవు తీసుకుంటున్నారు. ఆయన మాట్లాడుతుంటే అత్తమ్మ "తాత ఏమంటుండు?" అని అడిగారు. తెలుగు మాట్లాడటానికే సిగ్గుపడే ఆ పిల్ల, ఆయన ఒక్కో మాటకూ ఆగి ఆగి తెలుగు చెప్పిందట. "ఇన్నేళ్లు మీ ఇండ్లకు రానిచ్చినందుకు సంతోషం అంటున్నాడు. ఇందులో రాజకీయాలు లేవు, గొడవలు లేవు, ఇది ఉత్త ఆటే అంటున్నాడు" అని. వంటింటి గడపలో నిలబడి మా ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. ఆయన వెళ్లిపోతున్నందుకు కాదు, కూతురు తన తల్లికి అర్థం చెబుతున్నందుకు. ఇప్పుడు చూసేవాళ్లకు తెలిసే ఉంటుంది, ఆ సెప్టెంబరు నుంచి ఆయన స్థానంలో ర్యాన్ సీక్రెస్ట్ వచ్చారు.

మళ్లీ శంషాబాదుకు వద్దాం. చివరికి విమానం దిగింది. రెండు పెట్టెల బండి తోసుకుంటూ అత్తమ్మ బయటికి వచ్చారు. దండం పెడదామని వంగితే, నా భుజం మీద చెయ్యి వేసి తలపైనున్న బోర్డు చూపించారు. "చూసినవా బిడ్డా, అరైవల్స్‌ల రెండు ఆర్‌లు పక్కపక్కన ఉన్నయి" అన్నారు. పక్కన తెలుగులో రాసి ఉన్నా, ఇంగ్లీషే చదివారు!

నా పక్కనున్న ముగ్గురూ ఆమెను చుట్టుముట్టారు. "చివరి విడతలో మీరయితే ఏ అక్షరాలు అడుగుతారమ్మా?" అని పెద్దావిడ పరీక్ష పెట్టారు. ఇదివరకు ఆ చివరి విడతలో ఆటగాళ్లందరూ ఆర్, ఎస్, టీ, ఎల్, ఎన్, ఈ, ఇవే అడుగుతుంటే, 1988 నుంచి వాటిని ముందే ఉచితంగా చూపించి, ఆ పైన మూడు హల్లులు, ఒక అచ్చు అడగమంటున్నారు. అత్తమ్మ తడుముకోకుండా, "ఇంగ్లీషుల ఏదో గాని, మన తెలుగుల మాత్రం ముందు కొమ్ము కొనాలె. డు, ము, వు, లు అనుకుంట మన మాటలు శానా కొమ్ముతోనే అయిపోతయి" అన్నారు. వ్యాకరణం చదవని మనిషి చెప్పిన ఆ సూత్రం ఇంటికొచ్చి పత్రికలో ఒక పేజీ పరిశీలించి చూశాను. ఆమె మాటే నిజం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనలో చాలామందిమి ఇప్పుడు కూతుళ్ల పురుళ్లకని, మనవల పెంపకానికని ఆ దేశాలు వెళుతున్నాం. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసి వీసా తెచ్చుకుంటాం. పెట్టెలో ఊరగాయ, కారప్పొడి, మందులు సర్దుకుంటాం. అక్కడ నోరు పెగలని నెలలు ఉంటాయని మాత్రం ఎవరం అనుకోం. ముందుగా అనుకుంటే మంచిది. ఇంగ్లీషు వినబడి అర్థం కాకపోతే, కనబడేది చదవండి. చదవడం రాకపోతే పోల్చుకోండి. మన వంటింట్లో, మన డబ్బాల మీద, మన మందుల చీటీల మీద మనకు తెలియకుండానే ఎన్నో మాటలు ముప్పై ఏళ్లుగా కళ్లలో పడి ఉన్నాయి.

కొడుకులకూ, కూతుళ్లకూ ఒక మాట. అమ్మ ఒక్కతీ కూర్చుని ఉందని టీవీలో తెలుగు చానెల్ పెట్టి వెళ్లిపోకండి. రోజుకు అరగంట మీ పిల్లల్ని ఆమె పక్కన కూర్చోబెట్టండి. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో తెలియనంతగా కలిసిపోతారు. ఇక, "సర్దుకోండి" అని ఫోనులో చెప్పే నాలాంటివాళ్లకు చెప్పేది ఒక్కటే, ఆ మాట అనేముందు ఒక్క నిమిషం వినండి.

ఇప్పుడు మా ఇంట్లో ఏం జరుగుతోందంటారా? డల్లాసులో వేసవి సాయంత్రం ఆరున్నరయితే మనకు మర్నాడు తెల్లవారుజాము అయిదు. చలికాలంలో అయితే ఆరు. ఆ వేళకు అత్తమ్మ లేచి, ముఖం కడుక్కుని, పలకా బలపమూ, గిన్నెలో శనగగింజలూ పెట్టుకుని ఫోను ముందు కూర్చుంటారు. అటు పిల్ల కూడా తన గిన్నె పెట్టుకుని కూర్చుంటుంది. లెక్క ఎవరూ తప్పరు.

మొన్న అత్తమ్మ ఇచ్చిన సామెత మీకూ ఇచ్చి సెలవు తీసుకుంటాను. నాలుగు మాటలు, మొత్తం పది గళ్లు: రెండు, మూడు, రెండు, మూడు. మూడో గడిలోనూ, ఎనిమిదో గడిలోనూ 'గ' ఉంది. నాలుగులోనూ, తొమ్మిదిలోనూ 'ల' ఉంది. అయిదులోనూ, ఏడులోనూ 'చ' ఉంది. మొదటి గడికి మాత్రం అచ్చు కొనుక్కోవాలి. మనందరికీ తెలిసిన సామెతే, ఇంటికీ బయటికీ సంబంధించింది. మా అత్తమ్మ విషయంలో మాత్రం అది తిరగబడింది, ముందు అక్కడ, తరువాతే ఇక్కడ. సమాధానం దొరక్కపోతే మీ ఇంట్లో పిల్లల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.